పరుగు పందెము ముగిసిన తరువాత

మన అధ్యక్ష మండల శతవార్షిక సంచికలో సంఘ యువజనులకు పనికివచ్చు ఒక క్రీడాకారుని చరిత్రను జ్ఞాపకము చేయదలచితిమి. విశ్వాస జీవితమును పౌలు భక్తుడు పరుగు పందెముతో పోల్చెనని మనమందరము ఎరుగుదుము. ఆ పోలికకు చక్కని సాక్ష్యము అమెరికా దేశస్థుడైన లూయీ జాంపరీనీ జీవితము.

ఆయన 1917 జనవరి 26న ఇటలీనుండి వలసవచ్చిన కుటుంబములో జన్మించెను. కాలిఫోర్నియాలోని టొరెన్స్ పట్టణములో పెరిగెను. చిన్నతనమున దొంగతనములకు, తగవులకు అలవాటుపడిన ఆ బాలుని అన్నయగు పీట్ పరుగువైపు త్రిప్పెను. 1934లో మైలు దూరమును 4 నిమిషముల 21.2 సెకన్లలో పరుగెత్తి అమెరికా హైస్కూలు విద్యార్థులలో క్రొత్త రికార్డు నెలకొల్పెను. 1936లో బెర్లిన్ ఒలింపిక్సునందు 5000 మీటర్ల పందెములో 8వ వాడుగా వచ్చినను, చివరి చుట్టును సుమారు 56 సెకన్లలో ముగించి అందరిని ఆశ్చర్యపరచెను. పిమ్మట సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థిగా 1938లో మైలును 4 నిమిషముల 8.3 సెకన్లలో పరుగెత్తెను. కళాశాలల పోటీలలో ఆ రికార్డు 15 ఏండ్లు నిలిచెను. ఆయన ఆశలన్నియు 1940 ఒలింపిక్సుపైననే యుండెను. యుద్ధము వలన ఆ క్రీడలు జరుగలేదు.

ఆయన వైమానిక దళములో చేరెను. 1943 మే 27న, కనబడకుండపోయిన ఒక విమానమును వెదకబోగా ఆయన ఎక్కిన విమానమే పసిఫిక్ సముద్రములో కూలెను. 11 మందిలో ముగ్గురే మిగిలిరి. రబ్బరు తెప్పలపై వాననీరు త్రాగుచు, పక్షులను, చేపలను పట్టి తినుచు వారు కొట్టుకొనిపోయిరి. ప్రాణము దక్కినచో దేవుని సేవింతునని ఆయన అక్కడ మ్రొక్కుకొనెను. 33వ దినమున ఒకడు మరణించెను. 47 దినముల తరువాత తక్కిన ఇద్దరు జపాను వారి చేతికి చిక్కిరి. ఖైదీల శిబిరములలో ముత్సుహీరో వతనాబే అను అధికారి ఆయనను పనిగట్టుకొని హింసించెను. 1945లో యుద్ధము ముగిసినపుడు గాని విడుదల కలుగలేదు.

పందెములలో నేర్చిన ఓర్పు ఆయనను సజీవునిగా ఇల్లు చేర్చెను గాని మనస్సునకు నెమ్మది ఇయ్యలేదు. పగలు త్రాగుడు, రాత్రులు పీడకలలు. స్వప్నములోను వతనాబే గొంతు నులుముచుండెను. 1946లో వివాహమాడిన భార్య సింథియా విడాకులు కోరుదాక వచ్చెను. 1949లో లాస్ ఏంజలీసులో బిల్లీ గ్రాహం గారి గుడారపు కూటములకు ఆమెయే ఆయనను బలవంతముగా తీసికొనిపోయెను. మొదటిసారి కోపముతో లేచిపోయిన ఆయనకు, రెండవసారి తెప్పమీది మ్రొక్కుబడి జ్ఞాపకమునకు వచ్చెను. ఆ రాత్రియే త్రాగుడు విడిచెను. పీడకలలు మరల రాలేదని ఆయన సాక్ష్యమిచ్చెను.

1950లో టోక్యోలోని సుగామో చెరసాలకు వెళ్లి, తన్ను కొట్టిన కాపరులను ఆయన కౌగిలించుకొనెను. ఈ పరుగే ఆయన పరుగులన్నిటిలో గొప్పదని మా అభిప్రాయము. దారితప్పిన బాలుర కొరకు శిబిరము కూడ నడిపెను. 1998లో నగానో శీతకాల ఒలింపిక్సు జ్యోతిని చేతబట్టి, తాను ఖైదుచేయబడిన నవోయెత్సు ప్రాంతములో పరుగెత్తెను. అప్పటికి 81వ జన్మదినమునకు నాలుగు దినములే మిగిలియుండెను. వతనాబేను కలియగోరెను గాని అతడు నిరాకరించెను. అయినను క్షమించితినని ఉత్తరము వ్రాసెను. 2014 జూలై 2న, 97వ ఏట ప్రభువునందు నిద్రించెను.

మన పాఠశాలల క్రీడాదినములలో కప్పులు పంచుదుము, ఫోటోలు తీయింతుము. ఆ పిల్లవాడు ఇరువది ఏండ్ల తరువాత ఎట్లున్నాడో విచారించువారము ఎందరము? క్షమింపబడగోరిన వానిని క్షమించుట సులభము. ఎదుటికి రానొల్లని వానిని క్షమించుటయే కడపటి చుట్టు. నూరేండ్ల పరుగును ముగించిన మన సంఘములలోను పలుకరించుకొనని కుటుంబములు కలవు. ఈ పండుగ దినములలోనే ఎవరో ఒకరు ముందుగా అడుగు వేయుదురు గాక.