విద్యుత్ కార్లలో చోదక సహాయక వ్యవస్థ

చోదక సహాయక వ్యవస్థ అనగా కారు నడిపే వ్యక్తికి తోడుగా రోడ్డును గమనిస్తూ, ప్రమాదం కనిపించినపుడు హెచ్చరించి, అవసరమైతే తానే బ్రేకు వేసే లేదా స్టీరింగును సరిదిద్దే సాంకేతిక ఏర్పాటు. వాడుకలో దీనిని అడాస్ అంటారు. విలాసవంతమైన విద్యుత్ కార్లకు ఇది ఒక ముఖ్య ఆకర్షణ. పేరులో ఉన్నట్లు ఇది సహాయకం మాత్రమే, చోదకునికి (డ్రైవరుకు) ప్రత్యామ్నాయం కాదు.

పనిచేసే విధానం

కారు ముందు అద్దం వెనుక అమర్చిన కెమెరా రోడ్డు గీతలను, మనుషులను, వాహనాలను గుర్తిస్తుంది. రాడార్ పంపిన తరంగాలు ఎదుటి వస్తువును తాకి తిరిగి రావడాన్ని బట్టి దాని దూరం, వేగం తెలుస్తాయి. పొగమంచులో కెమెరా తడబడుతుంది. రాడార్ అంతగా తడబడదు గాని, ఎదురుగా ఉన్నది ఆవో ఆటోయో అది సరిగా చెప్పలేదు. అందుచేత రెండింటి సమాచారాన్ని కలిపి కంప్యూటరు నిర్ణయం తీసుకుంటుంది. 76-77 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో వాడే ఇటువంటి రాడార్లకు భారత ప్రభుత్వం 2015లో లైసెన్సు అవసరం తొలగించింది.

ఈ వ్యవస్థ పెట్రోలు కార్లలో కూడా ఉంటుంది. అయితే విద్యుత్ మోటారు ఆదేశానికి వెంటనే స్పందిస్తుంది, వేగం తగ్గేటపుడు బ్యాటరీకి కొంత విద్యుత్తు తిరిగి పంపుతుంది. కనుక ముందు వాహనాన్ని అనుసరించి నడిచే పద్ధతి వీటిలో సాఫీగా ఉంటుంది.

స్థాయిలు

అమెరికాకు చెందిన ఎస్.ఏ.ఈ. సంస్థ 2014లో ఈ సాంకేతికతను 0 నుండి 5 వరకు ఆరు స్థాయిలుగా విభజించింది. రెండవ స్థాయిలో కారు వేగాన్ని, దిశను రెండింటినీ నియంత్రిస్తుంది. అయినా చోదకుని కన్ను రోడ్డు మీదనే ఉండాలి. మూడవ స్థాయిలో, నిర్ణీత పరిస్థితులలో, ఆ బాధ్యత కారుదే. మెర్సిడెస్ బెంజ్ ఈక్యూఎస్ విద్యుత్ కారుకు 2022లో జర్మనీలోని హైవేలపై గంటకు 60 కి.మీ. వేగం వరకు మూడవ స్థాయి వ్యవస్థ లభించింది. అదే ఏడాది పూణే సమీపంలోని చకన్‌లో బిగించి 1.55 కోట్ల రూపాయలకు విడుదల చేసిన ఈక్యూఎస్‌లో మాత్రం ఉన్నది రెండవ స్థాయియే. ఈ తేడా తెలియక రెండవ స్థాయి కారును "తానే నడిచే కారు" అనుకోవడం ప్రమాదకరం.

తెలుగు రాష్ట్రాలలో

కియా సంస్థ తన ఈవీ6 కారును 2022లో దక్షిణ కొరియా నుండి దిగుమతి చేసి భారతదేశంలో విడుదల చేసింది. 2025 జూలైలో విడుదలైన క్యారెన్స్ క్లావిస్ ఈవీ ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ కర్మాగారంలో తయారయింది. రెండవ స్థాయి సహాయక వ్యవస్థ ఆ విధంగా కోటి రూపాయల కార్ల నుండి కుటుంబ కార్లకు చేరింది.

కెమెరాకు రోడ్డును గుర్తించడం నేర్పాలంటే వేలాది చిత్రాలు కావాలి. ఇందుకు పరిశోధకులు విరివిగా వాడిన సిటీస్కేప్స్ చిత్రాలు ప్రధానంగా జర్మనీ నగరాలవి. అక్కడ గీతలు స్పష్టంగా ఉంటాయి, ఆటోలు ఉండవు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాదు, బెంగుళూరు నగరాలలోను, శివార్లలోను తీసిన సుమారు 10,000 చిత్రాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను 2018లో రూపొందించారు. ఇందులో 34 రకాల వర్గాలు గలవు. ఆటోరిక్షా, జంతువు వీటిలో విడి వర్గాలు. రోడ్డు కాకపోయినా వాహనాలు నడవగల మట్టి అంచుకు కూడా ఒక వర్గం కేటాయించడం దీని విశేషం.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ 130 కోట్ల రూపాయల సహాయంతో ఏర్పడిన తిహాన్ కేంద్రం చోదకరహిత వాహనాలను పరీక్షిస్తుంది. దీని పరీక్షా ప్రాంగణాన్ని 2022 జూలై 4న ప్రారంభించారు.

పరిమితులు

అనకాపల్లి జిల్లాలోని పరవాడ ఇందుకు మంచి ఉదాహరణ. 16వ నెంబరు జాతీయ రహదారిపై గీతలు స్పష్టంగా ఉన్నంతవరకు కారు తన వరుసలో నిలబడగలదు. లంకెలపాలెం కూడలి వద్ద పరవాడ వైపు తిరిగితే ఫార్మా సిటీ లారీలు, కంపెనీ బస్సులు, ద్విచక్ర వాహనాలు ఒకే దారిని పంచుకుంటాయి. గీతలు చెరిగిన చోట వరుస సహాయం ఆగిపోతుంది. ముందు వాహనంతో కారు వదిలే ఖాళీలోకి మోటారు సైకిలు దూరితే కారు ఒక్కసారిగా బ్రేకు వేస్తుంది. అపుడు వెనుక వచ్చే లారీకి ఆ హెచ్చరిక ఉండదు. బస్సులు, లారీల వంటి భారీ వాహనాల కొత్త నమూనాలకు అత్యవసర బ్రేకు, నిద్రమత్తు హెచ్చరిక, వరుస తప్పినపుడు హెచ్చరిక తప్పనిసరి చేయాలని ప్రతిపాదిస్తూ కేంద్ర రవాణా శాఖ 2025 మార్చిలో ముసాయిదా వెలువరించింది.