కరవు పని నుంచి బడ్జెట్ చీర దాకా

2025 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్‌తో పార్లమెంటుకు బయలుదేరినప్పుడు కెమెరాలన్నీ ఆమె చీర మీద నిలిచాయి. చేపల బొమ్మలున్న ఆ చీరను కానుకగా ఇచ్చింది బిహార్‌లోని మధుబని జిల్లా రాంటీ గ్రామానికి చెందిన దులారీ దేవి. ఆమె మత్స్యకార కుటుంబంలో పుట్టారు. ఇళ్లలో పాచిపని చేస్తూ, పనిచేసిన ఇంటి చిత్రకారిణుల వద్దే కుంచె పట్టడం నేర్చుకున్నారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అదే బడ్జెట్‌లో మిథిల ప్రాంతానికి మఖానా బోర్డు, పశ్చిమ కోసీ కాలువకు సాయం దక్కాయి. ఆ ఏడాదే బిహార్ శాసనసభ ఎన్నికలు ఉండడంతో చీర మీది చేపలకు ఎవరికి తోచిన రాజకీయార్థం వారు చెప్పారు. అయితే ఈ బొమ్మలకూ ఢిల్లీకీ నడుమ సంబంధం ఒక ఎన్నికతో మొదలైనది కాదు. అది కరవుతో మొదలైంది.

అంతకు ముందు ఒక భూకంపం ఉంది. 1934 జనవరి 15న ఉత్తర బిహార్ కంపించింది. అప్పుడు మధుబనిలో పనిచేస్తున్న ఐసీఎస్ అధికారి డబ్ల్యూ.జి. ఆర్చర్ కూలిన ఇళ్ల నష్టాన్ని చూడబోయి, పగిలిన గోడల లోపలి ముఖాన రంగుల బొమ్మలను చూశాడు. పెళ్లి గది గోడపై స్త్రీలు వేసే కోహ్‌బర్ చిత్రాలవి: తామర ఆకులు, వెదురు, చేపలు, తాబేళ్లు. 1949లో ‘మార్గ్’ పత్రికలో ఆయన రాసిన వ్యాసంతో బయటి పండితలోకానికి మిథిల చిత్రకళ తెలిసింది. కనిపెట్టాడు అనే మాట ఇక్కడ పొసగదు. తరతరాలుగా అత్తలు కోడళ్లకు నేర్పుతున్న విద్యను ఒక దొర చూశాడు, అంతే.

చూడడం వేరు, కొనడం వేరు. గోడ మీది బొమ్మకు ధర లేదు. మరుసటి పెళ్లికి దాని మీద మళ్లీ అలికి కొత్తది వేస్తారు. ఆ బొమ్మ గోడ దిగి కాగితం మీదికి రావడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది.

1966లో వానలు ముఖం చాటేశాయి. దక్షిణ బిహార్‌లోని గయ, పలామూ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నా ఉత్తరాన కూడా పంటలు పోయాయి. అమెరికా గోధుమ ఓడల కోసం దేశం ఎదురుచూస్తున్న కాలమది. ఇందిరాగాంధీ ప్రధాని అయి ఏడాది తిరిగేసరికి, 1967 ఫిబ్రవరిలో సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. బిహార్‌లో కాంగ్రెస్ ఓడింది. ముఖ్యమంత్రి కె.బి. సహాయ్‌ను ఓడించిన మహామాయా ప్రసాద్ సిన్హాయే రాష్ట్రంలో తొలి కాంగ్రెసేతర ప్రభుత్వానికి నాయకుడయ్యారు. ఆ ఏప్రిల్‌లో కరవును అధికారికంగా ప్రకటించింది ఆ ప్రభుత్వమే. జయప్రకాశ్ నారాయణ్ సారథ్యంలో బిహార్ సహాయ సంఘం పల్లెల్లో వంటశాలలు నడిపింది.

కరవు పని అంటే అప్పటికి అందరికీ తెలిసినది మట్టి పని: చెరువు తవ్వడం, రోడ్డుకు కంకర కొట్టడం. మిథిలలోని బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాల్లో కూడా ఇల్లు గడవడం కష్టమైనా ఆ ఇళ్ల స్త్రీలు పర్దా దాటి తట్ట మోయడానికి రారు. వారి చేతుల్లో ఉన్న విద్య ఒక్కటే. దానికే కూలి కట్టవచ్చునన్న ఆలోచన పుపుల్ జయకర్‌ది. ఆమె ఇందిరకు సన్నిహితురాలు, హస్తకళల విధానంలో కీలక వ్యక్తి. అఖిల భారత హస్తకళల మండలి తరఫున బొంబాయి చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని కాగితం కట్టలిచ్చి మధుబనికి పంపారు.

ఆ మండలి చరిత్ర తెలియకపోతే ఈ ప్రయాణం ఒక అధికారిణి సరదాగా కనిపిస్తుంది. 1952లో ఏర్పడిన మండలికి కమలాదేవి చట్టోపాధ్యాయ నాయకత్వం వహించారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న సోషలిస్టు ఆమె. మంత్రి పదవుల వైపు చూడకుండా కుమ్మరి, కంచరి, సాలె, మేదరి ఇళ్ల వైపు నడిచారు. భారీ పరిశ్రమలే దేశ భవిష్యత్తుగా ప్రణాళికలు సాగుతున్న రోజుల్లో, పొలానికీ ఫ్యాక్టరీకీ మధ్య కోట్ల చేతులున్నాయని, వాటికి సానుభూతి కాదు, ముడిసరుకూ శిక్షణా మార్కెట్టూ కావాలని ఆమె వాదన. తెలుగునాట దానికి సాక్ష్యం శ్రీకాళహస్తి. కలంకారీ కనుమరుగవుతున్న దశలో, 1957లో ఆమె చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా కొత్త తరం కలం పట్టింది. మిథిలకు కాగితాలు పంపింది కూడా ఈ ఆలోచనా ధోరణే.

జిత్వార్‌పుర్‌లో కులకర్ణికి తొలుత తలుపులు తెరుచుకోలేదు. పరాయి మగవాడు వచ్చి, దేవుడి గది బొమ్మలను కాగితంపై వేసిస్తే డబ్బిస్తానంటే ఎవరు నమ్ముతారు? ముందుకొచ్చిన కొద్దిమందిలో సీతా దేవి, జగదంబా దేవి ఉన్నారు. ఢిల్లీలో ఆ చిత్రాలు అమ్ముడుపోవడంతో ఊళ్లో మాట మారింది. జగదంబా దేవికి 1975లో, సీతా దేవికి 1981లో, గంగా దేవికి 1984లో పద్మశ్రీ వచ్చాయి. ఇంటి బయట పేరుపెట్టి పిలిపించుకోవడం ఎరుగని స్త్రీలు బొమ్మ కింద సంతకం చేశారు. మనియార్డరు వారి పేర వచ్చింది. 1970ల్లో దుసాధ్ దళిత స్త్రీలు కూడా రంగంలోకి వచ్చారు. వారు అగ్రవర్ణాల కోహ్‌బర్‌ను అనుకరించకుండా ఒంటి మీది పచ్చబొట్ల నుంచి ‘గోద్నా’ శైలిని మలచుకున్నారు. ఒక పూట కూలికోసం మొదలైన పథకం కులాల గోడకు ఈ మేరకైనా కన్నం వేయడం చిన్న సంగతి కాదు.

అసలు లోపం ఇక్కడి నుంచే మొదలైంది. ప్రభుత్వం కాగితం ఇచ్చింది, ఢిల్లీలో దుకాణం ఇచ్చింది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని దళారికి వదిలేసింది. 1970ల చివర మధుబనికి వచ్చిన అమెరికన్ మానవశాస్త్రవేత్త రేమండ్ ఓవెన్స్ గమనించినది ఇదే. వ్యాపారులు ఒకే రామాయణ ఘట్టాన్ని పదేపదే, త్వరగా, చౌకగా వేయమంటున్నారు. మంచి బొమ్మకూ మామూలు బొమ్మకూ ఒకే రేటు. ఆయన చిత్రాలను నేరుగా మంచి ధరకు కొని, అమెరికాలో అమ్మి, లాభాన్ని తిరిగి గీసినవారికే పంచే పద్ధతి పెట్టారు. ఈ ఏర్పాటే 1980లో ఎథ్నిక్ ఆర్ట్స్ ఫౌండేషన్ అయింది. ఒక విదేశీ పరిశోధకుడు తన చేతి డబ్బుతో చేయగలిగినదాన్ని ఎగుమతి సంస్థలూ ఎంపోరియాలూ ఉన్న ప్రభుత్వం జిల్లా స్థాయిలో ఎందుకు చేయలేదన్నది ఏ పార్టీ పాలనకైనా వర్తించే ప్రశ్న. 2007లో మధుబని చిత్రాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది పేరుకు రక్షణ. డిజిటల్ ప్రింటు దిండు గలీబులు బజారులో అదే పేరుతో అమ్ముడవుతుంటే, మధుబని పల్లెలోని చిత్రకారిణి ఏ కోర్టుకు వెళ్లగలదు?

పరిశ్రమగా ఎదగనిది చిహ్నంగా మాత్రం ఎదిగింది. 2017లో మధుబని రైల్వే స్టేషన్ గోడలను స్థానిక కళాకారులు బొమ్మలతో నింపారు. శ్రమదానంగా! అందమైన స్టేషన్ల పోటీలో దానికి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది దర్భంగా నుంచి ఢిల్లీ వెళ్లే బిహార్ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ పెట్టెలకూ మిథిల బొమ్మలు వేయించారు. ఆ రైలు మోసుకుపోయేది ఎవరిని? పనికోసం ఢిల్లీకీ పంజాబుకూ పోయే మిథిల మగవాళ్లనే. ఆ ప్రాంతంలో సక్రీ, లోహట్ చక్కెర మిల్లులు మూతపడ్డాయి. దర్భంగా రాజకుటుంబం నెలకొల్పిన అశోక్ పేపర్ మిల్లూ మూతపడింది. కాగితం మీది బొమ్మకు ప్రపంచమంతా పేరున్న చోట కాగితం మిల్లు నడవకపోవడం కథకులు కల్పించిన వ్యంగ్యం కాదు.

గంగా దేవి సంగతి ఇంకా బాధాకరం. కేన్సర్‌తో పోరాడుతూనే ఆమె ఢిల్లీలోని జాతీయ హస్తకళల మ్యూజియం గోడలపై కోహ్‌బర్ ఘర్ చిత్రించారు. 1991లో కన్నుమూశారు. మరమ్మతుల పేరిట 2015లో ఆ చిత్రాన్ని చెరిపేశారు. ఆ మ్యూజియం కేంద్ర జౌళి శాఖ కిందే ఉంది. మిథిల పల్లెలో గోడ బొమ్మ చెరిగితే మళ్లీ వేసే చేతులుంటాయి. ఢిల్లీలో ఉన్నది ఆ ఒక్క గోడే.

2020 ఆగస్టు 3న అదే శాఖ అఖిల భారత హస్తకళల మండలిని రద్దు చేసింది. వారం ముందే చేనేత మండలి పోయింది. రెంటికీ నడుమ, ఆ తర్వాతా ఏర్పాట్లు జరుగుతున్నది ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి. మండళ్లు అప్పటికి సలహా సంఘాలుగా కుదించుకుపోయాయన్నది నిజమే. సమావేశాలకు విలువ తగ్గిందన్న వాదననూ కాదనలేం. కానీ సలహా చెప్పడానికైనా చేతివృత్తుల మనిషికి కేంద్రంలో ఒక కుర్చీ ఉండేది. లాక్‌డౌన్‌లో మేళాలు ఆగి, కొన్నవాళ్లు లేక, మధుబని కళాకారులు మాస్కుల మీద బొమ్మలు వేసి అమ్ముకుంటున్న రోజుల్లో ఆ కుర్చీ తీసేశారు.

ఇప్పుడు అధికార భాషలో కొత్త మాట ఆరెంజ్ ఎకానమీ, అంటే సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ. 2025 మే 1న ముంబైలో వేవ్స్ సదస్సును ప్రారంభిస్తూ ప్రధాని నరేంద్ర మోదీ భారత్‌లో దానికి ఉదయకాలం వచ్చిందన్నారు. సినిమా, గేమింగ్, యానిమేషన్ రంగాల శిక్షణకు ముంబైలో ఏర్పాటయ్యే సంస్థకు కేంద్రం రూ. 391 కోట్లు ప్రకటించింది. మంచిదే, ఆ రంగాల్లో కొలువులు పెరగాలి. అయితే ఆ లెక్క రాసేవారు దాని తొలి పేజీలో 1967 నాటి కాగితం కట్టలనూ చేర్చాలి. నగర స్టూడియోకు పెట్టుబడి, పల్లె కళాకారిణికి శాలువా అనే విభజన అప్పటి నుంచీ మారలేదు. మధుబనికి కావలసినవి కూడా పెద్ద మాటలేమీ కావు: బొమ్మను నాణ్యత చూసి ధర కట్టి, అప్పటికప్పుడు డబ్బిచ్చి కొనే కేంద్రం ఊరికి దగ్గరలో ఒకటి, నకిలీ ప్రింట్లపై కళాకారుల తరఫున కేసు వేసే బాధ్యత ప్రభుత్వ న్యాయవాదికి, రైల్వే గోడకు వేసినా మంత్రి చీరకు వేసినా కూలి.