మైలుతుత్తం మన్నులోనే ఉండిపోయింది

మందు కొట్టే రోజు మా ఇంట్ల తెల్లారకముందే లేచేవాళ్లం. మేడ్చల్ దగ్గర మాది అర ఎకరం అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిరి. బాపు ఒక డ్రమ్ములో మైలుతుత్తం, ఇంకో డ్రమ్ములో సున్నం నానబెట్టేది. 100 లీటర్ల నీళ్లకు కిలో తుత్తం, కిలో సున్నం. రెండూ కలిపినంక కొడవలి ముంచి చూసేది. ఇనుము మీద ఎర్రగా రాగి పడితే ఇంకొంచెం సున్నం పోయాలె. ఇక్కడ దోహాలో కాంక్రీటుకు స్లంప్ టెస్ట్ చేసినప్పుడల్లా నాకు ఆ కొడవలే యాదికొస్తది.

దాన్ని అందరం బోర్డో మందు అనేవాళ్లం. బోర్డో ఫ్రాన్స్‌లో ఒక ఊరని ఐటీఐ పాసైనంక కూడా నాకు తెల్వదు.

కథ అక్కడిదే. 1860ల్లో అమెరికా ద్రాక్ష మొక్కలతోపాటు ఫిలాక్సెరా అనే సన్న పురుగు ఫ్రాన్స్ చేరింది. వేర్ల రసం పీల్చి తోటలకు తోటలనే ఎండబెట్టింది. 1868లో ప్లాంషాన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు దాన్ని వేర్ల మీద పట్టుకున్నారు. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రాన్స్ కొమ్మను అంటుకట్టి తోటలు నిలబెట్టారు. అయితే 1878 నాటికి అమెరికా నుంచే బూజు తెగులు కూడా వచ్చి పడింది.

బోర్డో పక్కన మెడాక్‌లో రోడ్డు వెంట తోటలున్న రైతులు, దారిన పోయేవాళ్లు పండ్లు తెంపకుండా తుత్తం, సున్నం కలిపి నీలంగా చల్లేవాళ్లు. విషమని భయపడాలని! 1882లో మిలార్డే అనే ప్రొఫెసర్ చూస్తే ఆ వరసల్లోనే ఆకులు పచ్చగా ఉన్నాయి. 1885లో ఆ మందు సంగతి లోకానికి చెప్పాడు. దొంగల కోసం చల్లింది మా బాపు డ్రమ్ము దాకా వచ్చింది.

మందు మంచిదే, నేను తిట్టను. కానీ రాగి కుళ్లదు, ఆవిరి కాదు. వానకు ఆకు మీది నుంచి జారి పైమట్టిలో పేరుకుంటది. ఎక్కువైతే వానపాములకు, మట్టిలోని సూక్ష్మజీవులకు దెబ్బ. యూరప్‌లో మట్టి పరీక్షలు చేస్తే మామూలు నేలలో కిలోకు సగటున 17 మిల్లీగ్రాముల రాగి ఉంటే, ద్రాక్షతోటల్లో 49 వచ్చింది. సేంద్రియ తోటల్లో కూడా ఈ మందు వాడొచ్చు, అదొక విచిత్రం. 2019 నుంచి అక్కడ ఏడేండ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి దాటొద్దని హద్దు పెట్టారు. ఇప్పుడు బూజును తట్టుకునే కొత్త రకాలు నాటుతున్నారు. ఆ గుణం చాలావాటికి అమెరికా అడవి ద్రాక్ష నుంచే వచ్చింది.

మా పందిరి ఎప్పుడో పోయింది. బోరు ఎండింది, రాతి కడీలు అమ్మేసినం. పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పందిరి జాగల పాలకూర ఎదుగుతలేదు, ప్లాట్లకు ఇచ్చేద్దామా" అన్నడు. రాగి వల్లే అని నేను అనను. నీళ్లు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. భూమి అమ్మే ముందు మన్ను అయితే చూపియ్యాలె కదా. సాయిల్ హెల్త్ కార్డు పరీక్షలో రాగి కూడా ఉంటది, కానీ అక్కడ ఎక్కువగా చూసేది తక్కువైందా అనే. ఎక్కువైందా అని అడుగు అని చెప్పిన. ఇనుప పార తగిలిన మన్ను పక్కకు గీకేసి, కర్రతో జానెడు లోతు దాకా తీసి ప్లాస్టిక్ సంచిలో కట్టమన్న. శుక్రవారం తీసుకపోతా అన్నడు.