మిషా వీధి కార్యాలయం మూతపడ్డాక: పోలండు పత్రికల యాజమాన్య చరిత్ర

పోలండులో కమ్యూనిస్టు పాలన పత్రికలను అదుపులో ఉంచిన తీరు ప్రస్తావనకు రాగానే సెన్సారు కార్యాలయం గుర్తుకు రావడం సహజమే గాని, 1946లో ఏర్పడి వార్సాలోని మిషా వీధి నుంచి పనిచేసిన ఆ కార్యాలయం కన్నా లోతుగా పాతుకుపోయినది యాజమాన్య వ్యవస్థ. 1973లో మూడు సంస్థల విలీనంతో పార్టీ ఏర్పరచిన ‘ప్రాసా–క్షియోంష్కా–రూహ్’ పేరుకు సహకార సంఘమే అయినా, దేశంలోని పత్రికల్లో అధిక భాగాన్ని ప్రచురించడంతో పాటు ముద్రణాలయాలను నడిపేది, వీధుల్లో పత్రికలు అమ్మే చిన్న దుకాణాలను సైతం తన చేతిలోనే ఉంచుకునేది. అందువల్ల సెన్సారు అధికారి అభ్యంతరం చెప్పని రచనకైనా ఈ గొలుసును తప్పించుకుని పాఠకుణ్ణి చేరే అధికారిక మార్గం దాదాపు లేదు.

ఈ గొలుసుకు వెలుపల 1976 తర్వాత పెరిగిన రహస్య ప్రచురణలను పోలిష్ ప్రజలు ‘రెండవ చలామణి’ అని పిలిచారు. 1981 డిసెంబరు 13న సైనిక పాలన విధించి చాలా పత్రికలను నిలిపివేసినప్పుడు ఆ చలామణి తగ్గకపోగా మరింత విస్తరించింది. 1982లో మొదలైన ‘తిగొద్నిక్ మజోఫ్షే’ అనే రహస్య వారపత్రికను హెలెనా వుచివో, ఆమె సహచరులైన మహిళలు ఏడేళ్ల పాటు నడపడం పత్రికారచన చరిత్రలో దక్కవలసినంత గౌరవం దక్కని ఘనకార్యం. 1989లో ప్రభుత్వానికీ సాలిడారిటీ ఉద్యమానికీ మధ్య జరిగిన రౌండ్ టేబుల్ చర్చల ఫలితంగా ప్రతిపక్షానికి ఒక దినపత్రిక నడుపుకునే అనుమతి లభించినప్పుడు, మే 8న వెలువడిన ‘గజెతా విబోర్చా’కు, అంటే ‘ఎన్నికల పత్రిక’కు, ఆదామ్ మిఖ్నిక్ సంపాదకుడైనా, దానిని నిలబెట్టిన పనితనంలో అధిక భాగం ఆ రహస్య వారపత్రిక నుంచి వచ్చిందే.

1990లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. మార్చి నాటి చట్టం పార్టీ ప్రచురణ సంస్థను రద్దుచేసి ఆస్తుల పంపిణీకి ఒక కమిషన్‌ను నియమించగా, ఏప్రిల్ నాటి చట్టం సెన్సారును ఎత్తివేసింది. రెండవది ఒక్క కలంపోటుతో ముగిసిన పని. మొదటిది మాత్రం ఎవరికి ఏ పత్రిక చెందాలన్న చిక్కు ప్రశ్నను ముందుకు తెచ్చింది. కొన్ని పత్రికలను వాటి ఉద్యోగుల సహకార సంఘాలకు అప్పగించారు, మిగిలిన వాటిలో పలు పత్రికలను అమ్మకానికి పెట్టారు. ‘పొలితికా’ వారపత్రిక సహకార సంఘంగా నిలదొక్కుకుంది గాని, పెట్టుబడి లేని అనేక సంఘాలు తమకు దక్కిన పత్రికలను అమ్ముకోక తప్పలేదు. ఫ్రాన్సుకు చెందిన ఎర్సాన్ సంస్థ, జర్మనీకి చెందిన పాస్సావ్ నగర ప్రచురణకర్తలు ప్రవేశించినది ఈ సందులోంచే. పత్రికారచయితలకు స్వేచ్ఛనిచ్చిన శాసనకర్తలు, ఆ స్వేచ్ఛను పోషించే మూలధనం ఎక్కడినుంచి వస్తుందో తగినంతగా ఆలోచించకపోవడం ఆ దశలోని పెద్ద లోపం.

అదే ఏడాది సాలిడారిటీ నాయకుడు లెహ్ వలేసాతో వచ్చిన విభేదాల వల్ల గజెతా తన శీర్షికపై సాలిడారిటీ చిహ్నాన్ని కోల్పోయింది. దానిని ప్రచురించే ‘అగోరా’ క్రమంగా పెద్ద వాణిజ్య సంస్థగా ఎదిగింది. రేడియో, టెలివిజన్లకు 1992 డిసెంబరు చట్టం జాతీయ మండలిని ఏర్పరచినా, దాని సభ్యులను దిగువసభ, ఎగువసభ, దేశాధ్యక్షుడు నియమించే విధానం వల్ల పార్టీల పట్టు సడలలేదు.

ఈ రెండు ధోరణులూ 2002లో ఎదురెదురుగా నిలిచాయి. జాతీయ దినపత్రిక యజమాని జాతీయ టెలివిజన్ ఛానెల్‌ను కొనకుండా నిరోధించే ముసాయిదాను అగోరాకు అనుకూలంగా మార్పించడానికి చిత్రనిర్మాత లెఫ్ రీవిన్ 1 కోటి 75 లక్షల డాలర్ల లంచం అడిగాడు. జూలైలో మిఖ్నిక్ రహస్యంగా రికార్డు చేసిన ఆ సంభాషణను గజెతా డిసెంబరు 27న గాని బయటపెట్టలేదు. సొంతంగా విచారణ జరిపామనీ, ఐరోపా సమాఖ్యలో ప్రవేశానికి సాగుతున్న చర్చలకు విఘాతం కలగరాదని భావించామనీ పత్రిక ఇచ్చిన వివరణను చాలామంది పాఠకులు అంగీకరించలేదు. మరుసటి ఏడాది పార్లమెంటరీ సంఘం జరిపిన విచారణ టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైనప్పుడు, ఒకనాటి ఎన్నికల పత్రిక సంపాదకుడు సాక్షిగా హాజరై ఆ ఐదు నెలల మౌనానికి సమాధానం చెప్పవలసి వచ్చింది.