వైల్డ్‌క్యాట్ తూటా

అడవిపిల్లి అని అర్థమిచ్చే ‘వైల్డ్‌క్యాట్’ అనే మాట 19వ శతాబ్దపు అమెరికాలో పూచీ లేని నోట్లు అచ్చువేసిన బ్యాంకులకు, ఆపై చమురు పడుతుందో లేదో తెలియని చోట తవ్విన బావులకు విశేషణమై, క్రమంగా ప్రమాణ పట్టికలకెక్కకుండా గురికాండ్రు తామే మలచుకునే రైఫిల్ తూటాలకూ స్థిరపడింది. 6 మి.మీ. బీఆర్ అనే పొట్టి తూటా నుంచి అలా పుట్టినవే డాషర్, బీఆర్‌ఎక్స్‌లు. రెండింటిలోనూ ఇత్తడి గొట్టం మెడ వైపు సన్నబడే చోటు, అంటే ‘భుజం’, సుమారు 2.5 మి.మీ. ముందుకు జరగడంతో మందుకు చోటు పెరుగుతుంది. అయితే బీఆర్‌ఎక్స్ మాతృకకున్న 30 డిగ్రీల వాలునే నిలుపుకోగా, డాషర్‌లో అది 40 డిగ్రీలకు చేరి మరింత నిటారవుతుంది. మాతృక గొట్టాన్నే కొత్త కొలతల తుపాకి గదిలో పేల్చితే, ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి గది ఆకారం పొందుతుంది. ఈ రెండు తూటాల మధ్య భుజపు వాలులోని ఇంత స్వల్పమైన తేడా కన్నా బారెల్ నాణ్యత, మందు తూకంలో నిలకడ గురిని ఎక్కువగా శాసిస్తాయనడమే సమంజసం.