తాగుడునకు సెలవు



ఎవడైనను తాను తాగుడు మానితినని చెప్పినచో "ఎన్నాళ్లకు?" అని అడుగుట మన గ్రామములలో వాడుక. మాల వేసికొన్న అయ్యప్ప భక్తుడు దీనికి తడబడక నలుబదియొక్క దినములని బదులుచెప్పును. చెప్పినన్ని దినములును చుక్క ముట్టడు. అతని ఇల్లాలికిని ఆ లెక్క తెలియును. నేను నేడు ఆ ప్రశ్ననే మనుష్యులను గాక ప్రభుత్వములను అడుగదలచితిని. గడచిన నూరేండ్లలోపల తెలుగునేల, ఒకప్పుడు కొంత, ఒకప్పుడు అంతయు, మూడు పర్యాయములు శాసనముచేత తాగుడు మానినది. ఏ పర్యాయమును ఇది కొంతకాలమునకే యని ఎవరును చెప్పి మాన్పలేదు.

మొదటిది రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చేసిన పని. 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. సరిగా ఏడాదికి, 1938 అక్టోబరులో, చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించిరి. మద్రాసు రాష్ట్రపు రాబడిలో నాలుగవవంతునకు దగ్గరగా ఆబ్కారిపద్దు నుండియే వచ్చుచుండిన దినములవి. అందుచేతనే ఒక్కసారిగా కాక, జిల్లా వెంబడి జిల్లాగా నడచిరి. పోయిన రాబడిని పూడ్చుకొనుటకు 1939లో అమ్మకపు పన్ను పుట్టెను. నిషేధము తరువాత పోయినది గాని పన్ను పోలేదు. కల్లు రుచి యెన్నడు నెరుగని కోమటియు ఆ లెక్కలు వ్రాయవలసివచ్చెను.

గీతవృత్తివారి సంగతి ఇచట చెప్పక తప్పదు. చెట్టే జీవనాధారమైనవానికి చెట్టెక్కవలదనుట సులభము కాదు. తీపికల్లు గీచి బెల్లము వండుకొనుటకు అనుమతి పత్రములిచ్చిరి. కుండలోపల సున్నము పూసినచో రసము పులియదు. పులియనిచో మత్తు లేదు. ఆ విధముగా చెట్టుమీది కుండలోని పూతయే చట్టమునకు లోబడినవానిని లోబడనివానిని వేరుపరచెను. చెట్టుచెట్టునకు కావలి పెట్టుట ఏ ప్రభుత్వమునకును శక్యము గాదు. ఆ బెల్లపు రాబడి కల్లు రాబడికి సాటిరాదని గీతకానికి లెక్కలు చెప్పవలసిన పనియు లేదు.

1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను. యుద్ధకాలమున, ప్రజలెన్నుకొన్న మంత్రులు లేని తరుణమున, నిషేధమును నిలిపివేసిరి. దుకాణములు మరల తెరచుకొనెను. అదివరకే మానుకొన్నవాని గుమ్మము ముందర తిరిగి దుకాణము వెలయుటకంటె క్రూరమైన పరీక్ష వేరొకటి లేదని నా అభిప్రాయము.

రెండవ పర్యాయము 1946లో ప్రకాశం పంతులుగారి కాలమున ఆరంభమై, 1948 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, రాష్ట్రమంతటను వ్యాపించెను. ఇది దీర్ఘకాలము నిలిచినదే. కాని ప్రభుత్వమే దానితో కాపురము చేయలేకపోయెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. నిషేధమును పరిశీలించిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయుట మేలని సిఫారసు చేసెను. ఈ తగాదాలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. మద్యనిషేధమును తిరిగి తెచ్చిన పెద్దమనిషి మద్యనిషేధపు వివాదములోనే పదవి కోల్పోవుట విధివిలాసమే గదా! 1956లో తెలంగాణము కలిసిన పిదప ఒకే రాష్ట్రములో రెండు నీతులు నడచెను: కోస్తా, రాయలసీమలలో నేరమైనది తెలంగాణమున వ్యాపారము. 1960ల చివరకు ఆంధ్రప్రాంతమునను నిషేధము సడలిపోయెను.

మూడవదాని పుట్టుక వేరు. దాని మూలము మంత్రుల కచేరీలో లేదు, నెల్లూరు జిల్లాలో రాత్రిబడులలో నున్నది. అక్షరాస్యతోద్యమమున స్త్రీలు చదువుకొన్న వాచకములో సారాయిమీద కలిసి పోరాడిన ఆడవారి కథయొకటి యుండెను. దూబగుంట స్త్రీలు చదివి పుస్తకము మూయలేదు. వెళ్లి సారాయి దుకాణము మూయించిరి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగెను. అంతకుముందు సారాయి ప్యాకెట్లు ఊరూరికి చేరుచుండెను. కూలిడబ్బు ఇల్లు చేరకముందే దుకాణమునకు చేరుచుండెను. 1992లో ఆ స్త్రీలు వేలంపాటలు జరుగు తావులకు నడచి పాటలను అడ్డగించిరి. పాట జరుగనిదే దుకాణము లేదు, దుకాణము లేనిదే రాబడి లేదు. ఆ కీలక మెచటనున్నదో వారు బాగుగా గుర్తించిరి. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను.

పిమ్మట వచ్చిన ఎన్నికలలో ఎన్.టి. రామారావుగారు సంపూర్ణ నిషేధమును వాగ్దానము చేసి గెలిచిరి. 1995 జనవరి 16 నుండి బ్రాందీ, విస్కీలు సైతము నిషిద్ధములాయెను. అదే ప్రభుత్వము కిలో రెండురూపాయల బియ్యమును ఇయ్యవలసియుండెను. ఒక చేత రాబడి విడుచుచు, మరియొక చేత వ్యయము పెంచుట గొప్ప సాహసము. పొరుగు రాష్ట్రముల నుండి సీసాలు దొంగతనముగా వచ్చినవి. నాటుసారా బట్టీలు వెలిసినవి. ఖజానా అప్పులలో పడినది. రెండేండ్లకు కొంచెము పైబడిన పిమ్మట, 1997లో, చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని సడలించెను. తాగువారు మానలేదని పెక్కుమంది అనిరి. ప్రభుత్వమే మానలేకపోయినదని నేననుకొందును.

అయితే ఆ 1997 సడలింపులో బ్రాందీ, విస్కీ దుకాణములు తెరచుకొన్నవి గాని సారాయి దుకాణములు తెరచుకొనలేదు. 1993 నాటి సారాయి నిషేధము నిలిచెను. దూబగుంట స్త్రీలు మొదట అడిగినది ఆ మాత్రమే.