కోడి నెత్తురు చెప్పిన కష్టసుఖములు

నర్సీపట్నము దాటిన పిమ్మట చింతపల్లి పోవు రోడ్డు ఘాటీ నెక్కును. ఆ కొండల అడవులలో ఎఱ్ఱ అడవికోడి నేటికిని తిరుగుచున్నది. మన యిండ్లలోని కోళ్ళకు మూలజాతి అదియే. ఎండ హెచ్చినపుడది పొదల నీడకు చేరును. గ్రద్ద కనబడినచో దాగును. తోటి పుంజుతో పోరాడలేకున్నచో మరొక గుట్టకు పోవును. దాని వంశమువే అయిన కోళ్ళను వేలకొలదిగా ఒక షెడ్డులో నుంచినపుడు ఈ దారులన్నియు మూసికొనిపోవును. వేసవిలో నర్సీపట్నము ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటు దినములు గలవు. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని శరీరపు వేడి సహజముగనే 41 డిగ్రీల వరకుండును. కావున నోరు తెరచి రొప్పుట తప్ప దానికి గత్యంతరము లేదు.

రొప్పుచున్న కోడిని చూచినచో పసివాడైనను దాని బాధను గ్రహించును. రొప్పక, అరవక, ఒక మూల నిలిచియున్న కోడి మాట యేమి? అది సుఖముగా నున్నదా, లేక ఓర్చుకొనుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట కొక శతాబ్దములో చాల భాగము పట్టినది.

మొదటి అడుగు కోళ్ళను గూర్చినది కాదు. కెనడాలోని మాంట్రియల్ నగరమున, మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో, హాన్స్ సెల్యే అను యువ వైద్యుడు ఒక క్రొత్త హార్మోనును కనుగొనవలెనని ఎలుకలకు అండాశయ సారమును ఎక్కించుచుండెను. ఎలుకల అధివృక్క గ్రంథులు ఉబ్బినవి, థైమస్ గ్రంథి కుంచించుకొనిపోయినది, కడుపులో పుండ్లు పడినవి. హార్మోను దొరికినదని ఆయన సంతసించెను. కాని ఫార్మలిన్ వంటి విషద్రవ్యము నెక్కించినను అదే ఫలితము వచ్చెను. చలిలో నుంచినను అదే, అలసిపోవునట్లు పరుగెత్తించినను అదే. హార్మోనుపై ఆశ పోయినది. దానికి బదులు, కష్టమేదైనను శరీరము ఒకే తీరున స్పందించునను భావము ఆయనకు చిక్కెను. 1936 జూలైలో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖగా దానిని ప్రకటించెను. మనము నేడు ‘ఒత్తిడి’ అనుచున్న భావమునకు శాస్త్రములో అదియే ఆరంభము.

ఆ స్పందన మార్గమును స్థూలముగా నిట్లు చెప్పవచ్చును. మెదడునుండి పీయూష గ్రంథికి ఆజ్ఞ పోవును. ఆ గ్రంథి రక్తములోనికి ఒక హార్మోనును విడుచును. అది అధివృక్క గ్రంథులను మేల్కొలుపును. అవి మనుష్యులలో ముఖ్యముగా కార్టిసాల్‌ను, కోళ్ళలో కార్టికోస్టిరోన్‌ను స్రవించును. ఈ రసముల వలన శరీరము దాచుకొన్న శక్తిని బయటికి తీసి వాడుకొనును. కొద్దిసేపటి ఆపదకు ఇది మేలే. దినముల తరబడి సాగినచో ఖర్చు పెరిగి, రోగములతో పోరాడు బలము తగ్గును.

కోళ్ళలో ఈ నష్టమును చూపు ఒక అవయవము కలదు. గుదము దగ్గఱ నుండు ఫాబ్రిషియస్ సంచి యొక్క పని చాలకాలము ఎవరికిని తెలియదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో బ్రూస్ గ్లిక్ అను విద్యార్థి పిన్న వయస్సుననే కొన్ని కోళ్ళకు ఆ సంచిని తీసివేసెను. తోటివాడైన చాంగ్ తరగతిలో ప్రదర్శన కొఱకు ఆ కోళ్ళను అడిగి తీసికొని, వాటికి సాల్మొనెల్లా క్రిములను ఎక్కించెను. రోగనిరోధక ప్రతిదేహములు వానిలో పుట్టనే లేదు! 1956లో ఈ విషయమును వారు ఒక కోళ్ళ శాస్త్ర పత్రికలో ప్రకటించిరి. మనుష్యుల రక్తములోని బి-కణములకు ఆ పేరు ఈ సంచి పేరుననే వచ్చినది. ఒత్తిడి దీర్ఘకాలము సాగినచో ఈ సంచి చిన్నదగును. కాని దానిని తూచవలెనన్న కోడిని చంపవలెను. చచ్చిన కోడి బ్రతుకెట్లుండెనో చెప్పగలము గాని, ఆ బ్రతుకును బాగుచేయలేము గదా!

రక్తపరీక్షకు విలువ వచ్చినది ఇందువలననే. రెక్క క్రింది సిరనుండి కొంచెము రక్తము తీసి కోడిని విడిచిపెట్టవచ్చును. అయితే ఆ రక్తములో దేనిని కొలువవలెను? కార్టికోస్టిరోన్‌ను కొలుచుటయే సూటిమార్గమని తోచును. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో అది కొన్ని నానోగ్రాములు మాత్రమే యుండును. గ్రామును నూరు కోట్ల భాగములు చేసినచో ఒక భాగము నానోగ్రాము. ఇంత సూక్ష్మమైన కొలత రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అను వారు 1959-60 ప్రాంతమున ఇన్సులిన్ కొఱకు రూపొందించిన రేడియో ఇమ్యునోఅస్సే పద్ధతి వలన సులువైనది. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించెను.

ఇంతచేసినను ఒక చిక్కు మిగిలెను. కోడిని పట్టుకొనుటయే దానికి పెద్ద భయము. పట్టిన మూడు నిమిషములు దాటకముందే రక్తము తీయనిచో, లెక్కలో పడునది షెడ్డులోని కష్టము కాదు, మన చేతిలోని కష్టము! వేల కోళ్ళ నడుమ ఒకదానిని తరిమి పట్టుటకే మూడు నిమిషములు చాలునా?

ఈ ముడిని విప్పినది పాత సూక్ష్మదర్శినియే. అధివృక్క రసములు రక్తములోని లింఫోసైటులను తగ్గించునని 1944లో డౌగర్టీ, వైట్ అను శాస్త్రజ్ఞులు ఎలుకజాతి ప్రాణులలో చూపిరి. కోడి తెల్లకణములలో లింఫోసైటులు గాక హెటిరోఫిల్ అను మరొక ముఖ్యజాతి కలదు. వీని లోపల ఎఱ్ఱగా రంగు పట్టు కడ్డీల వంటి రేణువులుండును. ఒత్తిడిలో లింఫోసైటులు తగ్గును, హెటిరోఫిల్‌లు పెరుగును. 1983లో గ్రాస్, సీగెల్ అను అమెరికను పరిశోధకులు ఈ రెండింటి నిష్పత్తిని పరీక్షించిరి. దాణాలో కార్టికోస్టిరోన్‌ను వివిధ మోతాదులలో కలిపి పెట్టిరి. కోళ్ళ సాంఘిక కలతల ప్రభావమును గూడ చూచిరి. (క్రొత్త పెట్టను గంపక్రింద చేర్చిననాడు పాతవి దానిని పొడిచి తరుముట పల్లెటూరి వారందరు ఎఱుగుదురు.) ప్లాస్మాలోని హార్మోను కంటె ఈ నిష్పత్తియే నమ్మదగినదిగా కనబడెను. ఇది నెమ్మదిగా, కొన్ని గంటలమీద మారును. కావున పట్టుకొన్న నిమిషములో కలిగిన భయము దీనిని చెడగొట్టదు.

పద్ధతి గూడ సులభము. గాజుపలకపై రక్తపు పొర తీసి, రంగు వేసి, నూరు తెల్లకణములను లెక్కింపవలెను. అందు లింఫోసైటులు 64, హెటిరోఫిల్‌లు 32 ఉన్నచో నిష్పత్తి 0.5. అవి 50, 40గా మారినచో 0.8. సుమారుగా 0.2 తక్కువ ఒత్తిడికి, 0.5 మధ్యరకమునకు, 0.8 హెచ్చు ఒత్తిడికి గుర్తులని గ్రాస్, సీగెల్‌లు తరువాత సూచించిరి. ఇచట విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి: కోడి ఎఱ్ఱకణములకు గూడ కేంద్రకములుండును. మనుష్యుల రక్తము కొఱకు చేసిన లెక్కయంత్రములు అందువలన పొరపడును. మనిషి కన్నే నయము.

మరి ఈ అంకెతో ఏమి పని? 1964లో రూత్ హారిసన్ అను ఆంగ్ల మహిళ వ్రాసిన ‘యానిమల్ మెషీన్స్’ గ్రంథము కోళ్ళ పంజరములపై ఇంగ్లండులో పెద్ద కలవరము పుట్టించెను. కోడి గ్రుడ్లు పెట్టుచు బరువు పెరుగుచున్నంతకాలము సుఖముగా నున్నట్లే యని వ్యాపారుల వాదము. 1965లో బ్రాంబెల్ సంఘము ఆ గుర్తు ఒక్కటే చాలదని తేల్చెను. అప్పుడు మరి యే గుర్తులను చూడవలెనను ప్రశ్న వచ్చెను. రక్తపు లెక్క ఆ ఖాళీలో నొక భాగమును నింపినది. ఐరోపా సమాఖ్యలో పాతరకపు వట్టి పంజరములు 2012 జనవరి 1 నుండి నిషిద్ధములు.

తెలుగునాట ఈ ప్రశ్న ముఖ్యముగా ఎండ రూపమున వచ్చును. 1971లో డాక్టర్ బి.వి. రావు వేంకటేశ్వర హాచరీస్‌ను స్థాపించిన పిదప మనవైపు కోళ్ళ పరిశ్రమ మిక్కిలి విస్తరించెను. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ నేడు దేశమునందలి అగ్రరాష్ట్రములలో నొకటి. వేసవి వచ్చినదన్న రైతునకు గుండె దడయే. తడి గోనెలు కట్టుట, కప్పుపై నీరు చల్లుట, చల్లని వేళ దాణా పెట్టుట అతడెఱిగిన ఉపాయములు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ మరొక దారి చూచినది. మెడమీద ఈకలు లేని బోడిమెడ కోళ్ళలో ఈ లక్షణము ఒక జన్యువు వలన కలుగును. తల్లిదండ్రు లిరువురినుండియు ఆ జన్యువు వచ్చిన కోడికి మామూలు కోడికంటె ఈకలు దాదాపు 40 శాతము తక్కువ. వేడి ఆ మెడనుండి సులువుగా వెడలిపోవును. అచటి శాస్త్రజ్ఞులు ఈ కోళ్ళను, వాటి మామూలు తోబుట్టువులను చలికాలమునను వేసవిలోను పెంచి రక్తము పరీక్షించిరి. 2011లో ప్రకటించిన ఫలితములలో హెటిరోఫిల్-లింఫోసైటు నిష్పత్తి బోడిమెడ కోళ్ళకే తక్కువగా నుండెను.

ఈ నిష్పత్తికి లోపములు లేకపోలేదు. క్రిముల వలన రోగము వచ్చినను హెటిరోఫిల్‌లు పెరుగును. ఆ కోడి షెడ్డు మంచిదే కావచ్చును. ప్రాణముమీదికి వచ్చునంతటి కష్టములో హెటిరోఫిల్‌లు పెరుగుటకు బదులు తగ్గిపోవుటయు కలదు. అట్టి సమయమున అంకె తక్కువ చూపి, చూచువారిని మోసగించును. కావున ఒక్క చుక్క రక్తముతో తీర్పు చెప్పక, కోడి నడక, మేత, ఈకల తీరు గూడ చూచుట పశువైద్యుల వాడుక. రక్తము తీయుట వారి పనియే గాని బడిపిల్లల పని కాదు. ఇటీవల రక్తమునకు బదులు రాలిన ఈకలో చేరియున్న కార్టికోస్టిరోన్‌ను కొలుచుచున్నారు. ఈక పెరిగిన వారముల చరిత్ర అందులో నిలిచియుండును. కోడిని పట్టవలసిన పనియే లేదు.